టెర్రియర్ మీ ఇంటికి నప్పుతుందా? తెచ్చుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

“ఇల్లు చిన్నది కదండీ, అందుకే చిన్న కుక్కనే తెచ్చుకుందామనుకుంటున్నాం.” శ్రీకాకుళంలో పొద్దున్నే నాగావళి వంతెన వైపు మా జీడితో నడుస్తుంటే, ఆపి మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది చెప్పే మాట ఇది. జీడి మా జాక్ రస్సెల్ టెర్రియర్. నాలుగేళ్ళ వయసు, ఆరు కిలోల బరువు, తెల్లటి ఒంటి మీద వేయించిన జీడిపప్పు రంగు మచ్చలు. పలాసలో ఉండే మా చెల్లెలి పిల్లలు ఆ పేరు పెట్టారు. పట్టుకున్నది ఓ పట్టాన వదలదు కాబట్టి పేరు రెండు విధాలా కుదిరింది.

కుక్క ఎంత ఉందో చూసి, దానితో పని కూడా అంతే ఉంటుందనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు పడుతున్నారు. టెర్రియర్‌కి చోటు కొంచెం చాలు, మన సమయం మాత్రం చాలా కావాలి. నాకు తెలిసిన మూడు ఇళ్ళలో ముచ్చటపడి తెచ్చుకున్న పిల్ల, ఏడాది తిరక్కుండానే “ఎవరికైనా కావాలా” అంటూ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. ఆ కుక్కల్లో ఏ లోపమూ లేదు. ముందే వేసుకోవాల్సిన ప్రశ్నలు ఎవరూ వేసుకోలేదు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే, ఫోటో చూసి మనసు పారేసుకోకముందే ఈ కింది పనులు ఒక్కొక్కటిగా చేయండి.

అది ఏ పని కోసం పుట్టిందో తెలుసుకోండి

టెర్రియర్ అన్న పేరు నేల అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. కన్నాల్లోకి, బొరియల్లోకి దూరి ఎలుకల్ని చంపడానికీ, నక్కల్ని బయటికి తరమడానికీ బ్రిటన్‌లో వీటిని పెంచారు. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో 19వ శతాబ్దంలో జాన్ రస్సెల్ అనే పాదిరీ నక్కల వేట కోసం పెంచిన కుక్కల నుంచే జాక్ రస్సెల్ జాతి వచ్చింది. జాక్ అన్నది ఆయన్ని అందరూ పిలిచే పేరు. తలకి రిబ్బను కట్టుకుని బొమ్మలా కూర్చునే యార్క్‌షైర్ టెర్రియర్ పూర్వీకులు కూడా బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టినవాళ్ళే.

ఒక్కసారి ఆ బొరియలోకి మీరే దూరినట్టు ఊహించుకోండి. లోపల చీకటి. ఎదురుగా తప్పించుకునే దారి లేక పళ్ళు చూపిస్తున్న జంతువు. యజమాని పైన ఎక్కడో ఉన్నాడు, “ఇలా చెయ్యి” అని చెప్పేవాళ్ళు లేరు. ముందుకు వెళ్ళాలా వద్దా అన్నది ఆ కుక్కే తేల్చుకోవాలి. తాను ఎక్కడుందో పైనున్నవాళ్ళకి తెలిసి అక్కడ తవ్వాలంటే, ఆగకుండా అరుస్తూ ఉండాలి. ఈ పని బాగా చేసిన కుక్కలనే ఏరి, తరాల తరబడి పిల్లలు పెట్టించారు.

అందుకే టెర్రియర్ ఒక్కోసారి పిలిస్తే రాదు. ప్రతి చప్పుడుకీ అరుస్తుంది. పూలకుండీలు తవ్వుతుంది. తనకన్నా నాలుగింతలున్న ఊరకుక్క ఎదురైనా వెనకడుగు వేయదు. ఇవి పెంపకంలో వచ్చిన చెడ్డ అలవాట్లు కావు, దాని పుట్టుకలోనే ఉన్నాయి. శిక్షణతో వీటిని అదుపులో పెట్టవచ్చు గానీ, లేకుండా చేయలేం. ఇది చదివి “బాబోయ్” అనిపిస్తే మీకు టెర్రియర్ వద్దు. “భలే ఉందే” అనిపిస్తే ముందుకు చదవండి.

అందులో ఏ రకమో తేల్చుకోండి

జాక్ రస్సెల్ 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు, ఐదారు కిలోల బరువు ఉంటుంది. రోజుకి గంటకి తగ్గకుండా నడక, ఆట ఉండాలి. అది లేకపోతే ఆ ఓపికంతా మీ చెప్పుల మీద, సోఫా మీద చూపిస్తుంది. పొట్టి వెంట్రుకలే కానీ బాగా రాలతాయి. నల్ల ప్యాంటు వేసుకుని ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

యార్క్‌షైర్ మూడు కిలోలు దాటితే పెద్దదనే చెప్పాలి. అరగంట నడక సరిపోతుంది, వెంట్రుకలు పెద్దగా రాలవు. కానీ అవి మన జుట్టులా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రోజూ దువ్వాలి, లేదా పొట్టిగా కత్తిరిస్తూ ఉండాలి. ఆ పని ఇంట్లో నేర్చుకోకపోతే మంచి గ్రూమింగ్ కోసం విశాఖపట్నం పోవాల్సి రావచ్చు. విజయనగరం నుంచి అయితే దాదాపు 60 కిలోమీటర్లు, మాకు వంద దాటుతుంది. దీని ఎముకలు సన్నం. పిల్లాడి చేతిలోంచి జారి గచ్చు మీద పడినా కాలు విరగొచ్చు. శ్వాసనాళం బలహీనంగా ఉండే జాతి కాబట్టి మెడకి బెల్టు కట్టి లాగకూడదు, ఛాతీ చుట్టూ వేసే బెల్టే వాడాలి.

తెల్లగా బొచ్చుతో ఉండే వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ జాతికి చర్మ ఎలర్జీలు ఎక్కువ. మన తీరం ఉక్కపోతలో, వానాకాలం చెమ్మలో ఆ దురద ఇంకా ముదురుతుంది. ఏళ్ళ తరబడి చర్మానికి మందులు వాడించే ఓపిక ఉంటే తప్ప ఇక్కడికి తేవద్దు.

ఏది తెచ్చుకున్నా 13 నుంచి 15 ఏళ్ళు బతికే అవకాశం బాగా ఉంది. “నాకు కుక్క కావాలి నాన్నా” అని ఇవాళ మారాం చేస్తున్న ఎనిమిదో తరగతి పిల్లాడు, ఆ కుక్క ముసలిదయ్యేసరికి ఏ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటాడు. దాని కళ్ళలో చుక్కల మందు వేసేది మీరే.

కుక్క లేకుండానే ఒక వారం నడవండి

అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేదు. రేపటి నుంచి ఏడు రోజులు, పొద్దున్న ఐదున్నరకల్లా చెప్పులేసుకుని బయటపడండి. నలభై నిమిషాలు నడవండి. మళ్ళీ రాత్రి ఏడు దాటాక ఓ అరగంట. వాన పడితే గొడుగు వేసుకుని వెళ్ళండి. ముందురోజు పెళ్ళికి వెళ్ళి అర్ధరాత్రి వచ్చినా సరే వెళ్ళండి. ఇంటికొచ్చాక పదిహేను నిమిషాలు కింద కూర్చుని, చేతిలో పని ఏదీ పెట్టుకోకుండా, ఫోన్ చూడకుండా ఉండండి. అది శిక్షణకి ఇవ్వాల్సిన సమయం.

నాలుగో రోజుకే “ఇవాళ్టికి మానేద్దాంలే” అనిపించిందా? కుక్క ఉంటే ఆ మాట కుదరదు. నేను ఈ పరీక్ష పెట్టుకున్నప్పుడు మొదటిసారి ఐదో రోజు ఆగిపోయాను. పిల్లని తేవడం ఆరు నెలలు వాయిదా వేశాను. ఆ వాయిదా వల్లే జీడితో ఇవాళ ఇబ్బంది లేకుండా ఉన్నానని నా నమ్మకం.

వారంలో ఎన్ని గంటలు ఇల్లు తాళం వేసి ఉంటుందో కూడా ఒక కాగితం మీద రాయండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళి సాయంత్రం ఆరుకి వచ్చే ఇంట్లో, రోజంతా ఒక్కతే ఉన్న టెర్రియర్ పొద్దుటి నుంచీ తలుపు గీకుతుంది, అరుస్తుంది. జీడిని తెచ్చిన మొదటి నెలలో పక్కింటి పెద్దావిడ గోడ మీంచి పిలిచి, “ఏటి బావూ, పగలంతా ఒకటే అరుపు, కంటి మీద కునుకు లేదు” అంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మొదలుపెట్టాను.

ఇంటి చుట్టూ మోకాళ్ళ ఎత్తులో చూడండి

కుక్క కంటితో చూడాలంటే వంగాలి. గేటు కింద ఎంత సందు ఉంది? నాలుగు వేళ్ళు నిలువుగా పడితే పిల్ల దూరిపోతుంది. ప్రహరీ కింద మట్టి మెత్తగా ఉంటే ఓ మధ్యాహ్నంలో తవ్వేస్తుంది, అక్కడ రాళ్ళు పరిపించండి. మేడ మీద పిట్టగోడ పక్కన డ్రమ్ములు, పాత కుర్చీలు ఉంటే తీసేయండి. జాక్ రస్సెల్ వాటి మీంచి గోడెక్కేస్తుంది. పక్కింట్లో నాటుకోళ్ళుంటే ముందే మాట్లాడుకోండి. కోడిపిల్ల పరిగెత్తడం చూస్తే టెర్రియర్‌కి మీ పిలుపు చెవిన పడదు, తర్వాత కోడి ఖరీదు కన్నా ఇరుగుపొరుగుతో మాట పోవడమే బాధ పెడుతుంది. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట్లాడాకే ఏదైనా.

ఇక మన జిల్లాల్లో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడని సంగతి పాములు. ఇంటి వెనక పొలం గానీ, చెరువుగట్టు గానీ, గడ్డివాము గానీ ఉంటే మరీనూ.

రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో ఒక సాయంత్రం, వాన వెలిశాక, జీడి పెరట్లో అరటిచెట్టు మొదట్లో తవ్వుతోంది. మామూలుగా తవ్వేటప్పుడు దాని తోక ఊగుతూనే ఉంటుంది. ఆ రోజు తోక పుల్లలా నిలబడిపోయింది. ముందుకాళ్ళు మాత్రం ఆగడం లేదు, తడిమట్టి నా పాదాల మీద పడుతోంది. అరవడం కూడా మానేసింది. ముక్కు కన్నంలో పెట్టి, చటుక్కున వెనక్కి తీసి, మళ్ళీ పెట్టబోయింది. అప్పుడు వినిపించింది బుస. వీపు మీది బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజి పైకెత్తాను. కన్నంలోంచి జానెడు పడగ లేచింది. చేతుల్లో ఆ ఆరు కిలోల కుక్క ఒళ్ళంతా వణుకుతోంది. భయంతో కాదు, కిందికి దూకాలని.

ఆ రోజు నుంచి పెరట్లో కూడా బెల్టు తీయను. మీరు కూడా టెర్రియర్‌ని పెంచాలనుకుంటే పెరట్లో కట్టెల కుప్పలు, విరిగిన పెంకులు, ఇటుకల గుట్టలు ముందే తీయించేయండి. చీకటి పడ్డాక దాన్ని ఒంటరిగా పెరట్లోకి వదలకండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నాటు మందు పోయడం వద్దు. కదలకుండా చేతుల మీద ఎత్తుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషాలకి మనుషులకి ఇచ్చే యాంటీవీనమే కుక్కలకీ ఇస్తారు. అది ఎక్కడ దొరుకుతుందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి.

పాముకన్నా తరచుగా ఎదురయ్యే ప్రమాదం ఎలుకల మందు. మన ఇళ్ళలో పెట్టే బిళ్ళలే కాదు, పొలాల్లో రైతులు వాడే జింక్ ఫాస్ఫైడ్ కూడా. మందు తిని చచ్చిన ఎలుకని కుక్క తిన్నా ప్రమాదమే. బ్రోమాడియోలోన్ రకం బిళ్ళలైతే రెండు మూడు రోజుల దాకా ఏమీ తెలియదు, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. వేళకి తీసుకెళ్తే విటమిన్ కె తో బతికించవచ్చు. జింక్ ఫాస్ఫైడ్‌కి విరుగుడు లేదు. కాబట్టి టెర్రియర్ ఉన్న ఇంట్లో ఎలుకలకి బోను తప్ప మందు పెట్టకూడదు. పక్కవాళ్ళు పెడితే చెప్పమనండి. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, అదే ఎలుక జ్వరం, కుక్కకీ వస్తుంది, దాని నుంచి మనకీ రావచ్చు. పిల్లకి చాలా జబ్బులకి కలిపి వేసే టీకాలో లెప్టో ఉందో లేదో డాక్టర్‌ని అడగండి.

ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడగండి

“అందరికీ ఇష్టమే” అంటే సరిపోదు. పొద్దున ఎవరు నడిపిస్తారు, మలం ఎవరు ఎత్తుతారు, గిన్నె ఎవరు కడుగుతారు అని పేరు పేరునా చెప్పించండి. పూజగది, వంటిల్లు విషయంలో అమ్మకో అత్తగారికో అభ్యంతరం ఉంటే ముందే వినండి, గదికి ఒక అడ్డుగేటు పెట్టిస్తే చాలాసార్లు తీరిపోతుంది. ఆరేళ్ళలోపు పిల్లలుంటే కాస్త ఆగమనే నా సలహా. తోక లాగితే ఓర్చుకుని ఊరుకునే స్వభావం టెర్రియర్‌ది కాదు.

సంక్రాంతికి మూడు రోజులు ఊరెళ్తే అది ఎక్కడ ఉంటుంది? విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానుకి చుట్టాలు దిగితే గేటు పొద్దస్తమానం తెరిచే ఉంటుంది, అప్పుడు దాన్ని చూసేదెవరు? దీపావళి చప్పుళ్ళకి, తుపాను రాత్రులకి ఇంట్లో ఏ గది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను లేని ఇంట్లో మనుషులకే ఊపిరి ఆడలేదు.

పిల్లలు తెలియక పెట్టే తిండి గురించి కూడా అప్పుడే చెప్పేయండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకి విషం. ప్రసాదం పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది, సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది. ఉడికించిన చికెన్ ఎముకలు పెట్టొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మన ఎండకి సిద్ధమేనా

కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు. నాలుక బయట పెట్టి వగర్చడమే దాని దారి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ వగర్పు సరిగ్గా పని చేయదు. మే నెలలో మన తీరం ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున ఆరున్నరకల్లా నడక ముగించాలి. బయలుదేరే ముందు అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటిందా, చొంగ కారుస్తూ తూలుతోందా, వెంటనే మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాను కింద పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మధ్యాహ్నం గదిలో చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే ఈ కుక్కని కష్టపెట్టినట్టే.

కుక్కకన్నా ముందు డాక్టర్‌ని వెతుక్కోండి

మన వైపు పశువుల ఆసుపత్రి అంటే ఆవులు, గేదెలు, మేకలే ఎక్కువ. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అయినా మీ ఇంటికి దగ్గర్లో చిన్న కుక్కల్ని తరచుగా చూసే డాక్టర్ ఎవరో, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారో లేదో వెళ్ళి కనుక్కోండి. జీడికి ఏడాది వయసులో జ్వరం వచ్చి తిండి మానేస్తే, మొదట చూపించిన చోట ఎండదెబ్బ అని పంపేశారు. రక్తపరీక్ష చేయించాక తెలిసింది, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అని. రెండు రోజులు పోయాయి. మన దగ్గర ఏడాది పొడుగునా గోమార్లు ఉంటాయి, వాటికి మందు నెల నెలా తప్పదు.

ఆ డాక్టర్‌నే కూర్చోబెట్టి మొదటి ఏడాది ఖర్చు రాయించుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు. కడుపులో పురుగులకి మందు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, తిండి. దీనికి తోడు చిన్న జాతులకి మోకాలిచిప్ప జారడం, పళ్ళ జబ్బులు మామూలు. ఎప్పుడైనా పెద్ద ఖర్చు వస్తే తీసేందుకు కొంత పక్కన ఉందా లేదా చూసుకోండి.

ఇవన్నీ దాటాకే పిల్లని చూడటానికి వెళ్ళండి

వీటిలో ఏ ఒక్కదాని దగ్గరైనా “చూద్దాంలే” అనుకుని ఉంటే, అది కాదనే అర్థం చేసుకోండి. అప్పుడు ఏం చేయాలి? మీ వీధిలో పుట్టిన ఊరకుక్క పిల్లని తెచ్చి టీకాలు వేయించండి. మన ఎండకి, మన తిండికి అలవాటుపడ్డ ఒళ్ళు దానిది, చాలా ఇళ్ళకి అదే చక్కగా కుదురుతుంది. ఇది మాట వరసకి చెప్పడం లేదు. మా చెల్లెలికి నేను చెప్పింది ఇదే, వాళ్ళింట్లో ఇప్పుడు అలాంటిదే ఉంది.

అన్నిటికీ అవునన్నవాళ్ళు ఫోటో చూసి, బస్సులో పార్సిల్ తెప్పించుకోవద్దు. స్వయంగా వెళ్ళండి. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ కాగితం అడగండి, టీకాల కార్డు అడగండి. తల్లిని చూపించమనండి, చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. తల్లి మనుషుల్ని చూసి వణికిపోతున్నా, కరవడానికి వస్తున్నా ఆ ఈతలో పిల్ల వద్దు. తెల్లరంగు ఎక్కువున్న జాక్ రస్సెల్ పిల్లల్లో పుట్టు చెవుడు ఉండొచ్చు, వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి.

పిల్లల మధ్య ఓ అరగంట కింద కూర్చోండి. అన్నిటినీ తోసుకుని మీ మీదికెక్కే దాన్ని, మూలకి నక్కిన దాన్ని పక్కన పెట్టండి. చేతిలోకి తీసుకుంటే కాసేపు పెనుగులాడి, తర్వాత ఒదిగి, దించగానే మళ్ళీ నేల వాసన చూస్తూ తిరిగేది కొత్తగా పెంచేవాళ్ళకి మంచిది. మాట కుదిరినా ఆ రోజే తెచ్చేయకండి. ఇంటికొచ్చి, గేటు కింద ఆ సందు మూయించి, అప్పుడు వెళ్ళి తెచ్చుకోండి.